ఏ ఊళ్లో ఇంటికప్పుకు ఎక్కువ గండం?

2016 ఏప్రిల్ 11 సాయంత్రం డాలస్‌కు ఈశాన్యంగా ఉన్న వైలీ అనే ఊరి మీద వడగళ్లు పడ్డాయి. వాటిలో కొన్ని నాలుగు అంగుళాలు దాటాయి. అంటే పెద్ద బత్తాయికాయ కంటే పెద్దవి. కప్పుకు బెజ్జాలు పెట్టి నేరుగా గదుల్లోకే వచ్చి పడ్డాయి. మర్నాడు రాత్రి అదే టెక్సాస్‌లో నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శాన్ ఆంటోనియో వంతు వచ్చింది. ఆ ఒక్క రాత్రి వానకు బీమా కంపెనీలు కట్టాల్సి వచ్చిన సొమ్ము సుమారు 140 కోట్ల డాలర్లు. టెక్సాస్ చరిత్రలో అప్పటికి అదే అత్యంత ఖరీదైన వడగళ్ల వాన అని బీమా వర్గాలు లెక్కగట్టాయి.

వడగళ్లు పడిన రోజుల్ని లెక్కపెట్టి ఊళ్లకు ర్యాంకులిస్తే మాత్రం శాన్ ఆంటోనియో ఎక్కడో కింద ఉంటుంది. కొలరాడో, నెబ్రాస్కా, వయోమింగ్ రాష్ట్రాలు కలిసే చోట ఏడాదికి సగటున ఏడు నుంచి తొమ్మిది రోజులు వడగళ్లు పడతాయి. షయాన్ పట్టణం ఉన్నది అక్కడే. ఆ లెక్కన అమెరికాలో ఇంటికప్పుకు అన్నిటికంటే పెద్ద గండం షయాన్‌లోనే ఉండాలి. కానీ బీమా కంపెనీలకు నిద్ర పట్టనివ్వనివి డాలస్, డెన్వర్, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్లు. ఎన్నిసార్లు పడ్డాయన్న లెక్క ఒక్కటే చూస్తే కప్పు సంగతి తెలియదు.

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొంచెం వింతగానే ఉంటుంది. మన దగ్గర వడగళ్లంటే రైతు బెంగ. మామిడి పిందెలు రాలిపోతాయి, కోతకొచ్చిన వరి నేలకొరుగుతుంది, కల్లంలో ఆరబోసిన మిర్చి తడిసిపోతుంది. ఇంటి గురించి మాత్రం ఎవరికీ దిగులుండదు. స్లాబ్ మీద పడితే చప్పుడు తప్ప మరేం ఉండదు, పిల్లలు గిన్నెలు పట్టుకుని ఏరుకుంటారు. అమెరికాలో మామూలు ఇంటికప్పు స్లాబ్ కాదు. చెక్క వాసాల మీద అర అంగుళం మందాన చెక్క పేళ్లు అతికించి చేసిన పలక, దాని మీద పల్చటి పొర, ఆ పైన తారు పూసిన షింగిల్స్, వాటి మీద ఇసుక పలుకులు. ఆ షింగిల్ మందం మూడు నాలుగు అట్టముక్కలు కలిపినంత. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ప్లేనోలో, అర్వింగ్‌లో ఇల్లు కొన్న వేల తెలుగు కుటుంబాల నెత్తి మీద ఉన్నది ఇదే. వడగళ్ల వాన మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో కాలనీ అంతా కప్పు ఫొటోలు పెట్టుకోవడం వెనక ఉన్న టెన్షన్ కూడా ఇదే.

రాయి సైజుతోనే అసలు లెక్క

వడగల్లు వ్యాసం రెట్టింపైతే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. పెద్ద రాయి వేగంగా కూడా పడుతుంది. వేగం వర్గం దాదాపు వ్యాసంతోపాటే పెరుగుతుంది కాబట్టి, గుద్దే శక్తి మొత్తం మీద పదహారు రెట్లవుతుంది. వ్యాసం మూడు రెట్లయితే ఎనభై ఒక్క రెట్లు. నిజం వడగళ్లు నున్నటి గోళాలు కావు, గడ్డలు కట్టి వంకరటింకరగా ఉంటాయి కాబట్టి అసలు అంకె కొంత తగ్గొచ్చు. అయినా తూకం ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. అమెరికాలోని జాతీయ తీవ్ర తుపానుల పరిశోధనశాల లెక్క ప్రకారం అంగుళం నుంచి అంగుళంముప్పావు దాకా ఉన్న రాళ్లు గంటకు సుమారు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో పడతాయి. రెండు నుంచి నాలుగు అంగుళాలవి 70 నుంచి 115 కిలోమీటర్ల వేగంతో పడతాయి.

అంగుళం అంటే మన పది రూపాయల బిళ్ల కంటే పిసరు చిన్నది. షింగిల్స్ పాతబడి ఉంటే సుమారుగా ఆ సైజు దగ్గర దెబ్బ మొదలవుతుంది. చిన్న నిమ్మకాయంత రాయి కొత్త షింగిల్స్‌ను కూడా వదలదు. అంగుళం కంటే చిన్నవి ఏడాదికి తొమ్మిదిసార్లు పడినా తోటలకు, పూలకుండీలకే గానీ కప్పుకు పెద్దగా హాని చేయవు. అందుకే ఊళ్లను పోల్చేటప్పుడు వడగళ్లు ఎన్నిసార్లు పడ్డాయని కాక, ఒక కప్పు బతికి ఉండే పదిహేను, ఇరవై ఏళ్లలో రెండంగుళాలు దాటిన రాయి ఆ కప్పు మీద పడే అవకాశం ఎంత అని అడగాలి.

డెన్వర్‌కు, డాలస్‌కు తేడా ఇక్కడే తెలుస్తుంది. డెన్వర్ సముద్రమట్టానికి ఒక మైలు ఎత్తున ఉంది. వేసవి మొదట్లో గాలి గడ్డకట్టే చల్లదనానికి చేరే ఎత్తు, సముద్రతీరం నుంచి కొలిస్తే సుమారు నాలుగు కిలోమీటర్లు. హ్యూస్టన్ మీద పడే వడగల్లు ఆ నాలుగు కిలోమీటర్లూ వెచ్చటి గాలిలో కరుగుతూ దిగాలి, చిన్నవి నేల చేరకముందే చినుకులైపోతాయి. డెన్వర్‌లో నేలే పైకి లేచి ఉంది కాబట్టి కరిగే దారి మైలు మేర తగ్గుతుంది. దానికి తోడు పక్కనే ఉన్న రాకీ పర్వతాల వాలు మధ్యాహ్నపు వేడిగాలిని పైకి ఎగదోస్తుంది. ఏప్రిల్ నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా అక్కడ సీజన్. వానలు తరచుగా వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం చిన్న రాళ్లవే.

డాలస్‌లో కరిగే దారి పొడవే. కానీ అక్కడికి గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పడమటి పీఠభూమి నుంచి పొడిగాలి దాని మీదికి వస్తుంది, పైన ఇంకా చల్లటి గాలి, ఎత్తు పెరిగేకొద్దీ దిక్కూ వేగమూ మార్చుకునే గాలి. ఇవన్నీ మార్చి నుంచి జూన్ ఆరంభం దాకా ఒకచోట చేరతాయి. అప్పుడు పుట్టే గిరగిర తిరిగే మేఘాన్నే సూపర్‌సెల్ అంటారు. దాని లోపల పైకెగసే గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటి బత్తాయంత రాయిని కూడా కింద పడనివ్వకుండా నిలబెడుతుంది. అంత పెద్ద రాయి నాలుగు కిలోమీటర్లు దిగినా కరిగేది కొంచెమే. డెన్వర్‌లో రాళ్లు ఎక్కువసార్లు నేలకు చేరతాయి, డాలస్‌లో చేరిన రాళ్లు ఎక్కువ పెద్దవి అని స్థూలంగా చెప్పుకోవచ్చు. అలాగని డెన్వర్‌ను తక్కువ అంచనా వేయడానికి లేదు. 2017 మే 8 మధ్యాహ్నం డెన్వర్ పడమటి శివార్ల మీద పడిన వాన నష్టం 230 కోట్ల డాలర్లు, కొలరాడో చరిత్రలోకెల్లా ఎక్కువ. లేక్‌వుడ్‌లోని కొలరాడో మిల్స్ మాల్ కప్పు దెబ్బతిని లోపలికి నీళ్లొచ్చి ఆరు నెలలు మూతపడింది.

పట్టికలు ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి

అమెరికా వాతావరణ శాఖ వడగళ్ల వానను తీవ్రమైనదిగా నమోదు చేయడానికి పెట్టుకున్న హద్దు 2010 జనవరి దాకా ముప్పావు అంగుళం. ఆ తర్వాత అంగుళం. దాంతో అంతకుముందు లెక్కకెక్కిన చిన్న వానలు జాబితాలోంచి జారిపోయాయి. ఈ సంగతి తెలియకుండా ముప్పై ఏళ్ల అంకెల్ని వరసగా పేరిస్తే వడగళ్లు తగ్గినట్టు కనిపించినా ఆశ్చర్యం లేదు. రెండోది, రాయిని ఎవరో ఒకరు చూసి చెబితేనే అది లెక్కలోకి వస్తుంది. పశువుల మేత తప్ప మనిషి జాడ లేని బీడులో నాలుగంగుళాల రాయి పడితే పట్టించుకునేవాళ్లుండరు. ప్లేనోలో అంగుళం రాయి పడితే ఒక్క వీధి నుంచే పది ఫొటోలు వెళ్తాయి. అందుకే జనం ఎక్కువున్న ఊళ్లు పట్టికలో ఉండాల్సినదానికంటే పైకి లేస్తాయి. రాడార్ లెక్కలు ఈ లోటును కొంత పూడుస్తాయి గానీ, రాడార్ చెప్పేది మేఘంలో ఎంత రాయి ఉండొచ్చన్న అంచనా, నేల మీద కొలిచిన సైజు కాదు.

అన్నిటికీ మించి, 'ఊరు' అన్న కొలతే చాలా పెద్దది. వడగళ్లు ఊరంతా పరుచుకుని పడవు. మేఘం కదిలిన దారిలో కొన్ని కిలోమీటర్ల వెడల్పున, పదుల కిలోమీటర్ల పొడవున ఒక చారగా పడతాయి. డాలస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతం ఆ చివర నుంచి ఈ చివరకు వంద కిలోమీటర్లు దాటుతుంది. అందుకే 'డాలస్‌లో వడగళ్లు' అన్న వార్త వచ్చిన రోజున కూడా అక్కడి ఎన్నో ఇళ్లకు ఏమీ కాదు. ఊరికి ఏటా గండం ఉండొచ్చు, ఒక ఇంటికి మాత్రం ఏటా ఉండదు. ఇల్లు కొనేవాళ్లు ఈ రెంటినీ కలగలిపేస్తారు. దళారులు కూడా తమకు కావాల్సినప్పుడు కలిపేస్తారు, అక్కర్లేనప్పుడు విడదీస్తారు.

అయితే ఊరు పెరిగేకొద్దీ చార కింద పడే ఇళ్లూ పెరుగుతాయి. ఒకప్పుడు పత్తిచేలు, పచ్చిక బీళ్లుగా ఉన్న, డాలస్‌కు ఉత్తరాన ప్రాస్పర్, సెలైనా వైపు ఇప్పుడు వరసగా కాలనీలు లేస్తున్నాయి. వాతావరణం ఏమీ మారకపోయినా అక్కడ నష్టం పెరుగుతుంది. విలువిద్యలో గురిచక్రాన్ని పెద్దది చేస్తే బాణం తగలడం సులువైనట్టే ఇదీ. పైగా కొత్త ఇళ్ల కప్పులు పెద్దవి, కోణాలు ఎక్కువ, మార్చాలంటే ఖర్చూ ఎక్కువ. 2023లో అమెరికాలో ఉరుములు, వడగళ్లు, టోర్నడోలు కలిసి తెచ్చిన బీమా నష్టం తొలిసారి 5,000 కోట్ల డాలర్లు దాటడంలో ఈ విస్తరణ వాటా చిన్నదేం కాదు.

ఫీనిక్స్ సంగతి వేరు. ఎడారి ఊరు కాబట్టి వడగళ్ల పట్టికల్లో దానికి చోటే దొరకదు. 2010 అక్టోబర్ 5న మాత్రం ఆ ఊరి మీద పడిన వాన నష్టం దాదాపు 280 కోట్ల డాలర్లని అంచనా, అంటే ఏడేళ్ల తర్వాత డెన్వర్‌లో జరిగిన దానికంటే ఎక్కువ. ఎప్పుడూ రాని ఊళ్లో ఎవరూ దానికి తగ్గట్టు కప్పు వేసుకోరు.

గాలి పని వేరే

గాలి కప్పును నెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పీకుతుంది. వాలు కప్పు మీదుగా గాలి జారేటప్పుడు పైన పీడనం తగ్గి కప్పు పైకి లాగబడుతుంది. ఆ లాగుడు మూలల్లో, చూరు అంచుల్లో ఎక్కువ. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రేకుల షెడ్లు ఎగిరిపోయి పక్కనే స్లాబ్ ఇళ్లు నిలబడ్డాయంటే కారణం బరువే, స్లాబ్‌ను పీకడం గాలి తరం కాదు. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు. మన భవన నిబంధనల్లో ఐఎస్ 875 విశాఖకు, విజయవాడకు సెకనుకు 50 మీటర్ల గాలిని, హైదరాబాద్‌కు 44, బెంగళూరుకు 33 లెక్కలోకి తీసుకోమనడం వెనక ఉన్నదీ ఈ లెక్కే.

ఓక్లహోమా సిటీ పక్కన ఉన్న మూర్ అనే ఊరిని 1999 మే 3న ఒక టోర్నడో, 2013 మే 20న మరొకటి తుడిచిపెట్టాయి, రెండూ అత్యధిక తీవ్రతవే. ఆ తర్వాత 2014లో మూర్ సొంత నిబంధన తెచ్చుకుంది. కొత్త ఇళ్లు గంటకు 135 మైళ్ల గాలికి నిలవాలి, వాసాలను గోడలకు ఇనుప పట్టీలతో బిగించాలి, గ్యారేజ్ తలుపు గట్టిది పెట్టాలి. గ్యారేజ్ తలుపుకు, కప్పుకు సంబంధమేమిటన్న అనుమానం రావొచ్చు. ఆ వెడల్పాటి తలుపు లోపలికి విరిగితే గాలి ఇంట్లోకి దూరి కప్పును కింద నుంచి కూడా తోస్తుంది, పైనుంచి లాగేది ఎలాగూ ఉంది. టోర్నడో మధ్యభాగం నేరుగా మీద పడితే ఈ పట్టీలేవీ ఆపలేవు. కానీ దెబ్బతినే ఇళ్లలో ఎక్కువ భాగం అంచుల్లోనివి, వాటిని ఇవి ఆపగలవు. అయినా ఒక ఇంటి లెక్కలో చూస్తే టోర్నడో చాలా అరుదు. వార్తల్లోకెక్కేది టోర్నడో, డబ్బు పట్టుకుపోయేది వడగళ్లు. ఉరుముల వానల బీమా నష్టంలో సగానికి పైగా వడగళ్లదే.

హ్యూస్టన్‌కు వడగళ్ల బెడద తక్కువ. అక్కడ గాలి, దాని వెంట వచ్చే నీళ్లే సమస్య. 2024 మే 16న గంటకు వంద మైళ్ల దాకా వీచిన గాలివాన నగరం నడిబొడ్డున మేడల అద్దాలు పగలగొట్టింది. రెండు నెలలైనా తిరక్కుండానే, జూలై 8న బెరిల్ హరికేన్ వచ్చింది. ఇలాంటి గాలికి షింగిల్స్ ఒకదానికొకటి అతుక్కుని ఉండే జిగురు పట్టీ మీదే భారమంతా పడుతుంది. ఎండకు, దుమ్ముకు ఆ జిగురు వదిలితే నాలుగు మేకులతో కొట్టిన షింగిల్ మొదట లేస్తుంది, ఆరు మేకులతో కొట్టినది కాసేపు ఆగుతుంది. షింగిల్ లేచిపోయాక పలకల మధ్య సందుల్లోంచి వాన దిగుతుంది. ఆ సందులకు ముందే టేపు వేసి మూసి ఉంటే షింగిల్స్ పోయినా ఇల్లు మిగులుతుంది. ఇంత తేలిక పని ఎన్నో ఊళ్లలో నిబంధన కాలేదంటే బిల్డర్ల ఖర్చు తప్ప వేరే కారణం కనిపించదు.

ఈ విషయంలో మయామిది పైచేయి. 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ వేల ఇళ్ల కప్పుల్ని ఎగరేశాక అక్కడ నిబంధనలు మొదటినుంచీ తిరగరాశారు. ఇప్పుడు మయామి–డేడ్ జిల్లాలో మామూలు ఇంటికి గంటకు 175 మైళ్ల గాలి లెక్క. ప్రమాదం పరంగా చూస్తే మయామి దేశంలో ముందు వరసలో ఉంటుంది. కానీ అక్కడి కొత్త ఇంటికప్పు, అంతకంటే తక్కువ ప్రమాదం ఉన్న ఎన్నో ఊళ్ల కొత్త కప్పుల కంటే గట్టిది. ఊరి పేరు చూసి భయపడేవాళ్లు ఇల్లు కట్టిన సంవత్సరం చూడటం మరచిపోతారు.

చివరికి డబ్బు ఎవరిది

వడగళ్ల దెబ్బ మొదట కనిపించదు. రాయి తగిలిన చోట ఇసుక పలుకులు రాలి, లోపలి పొర నలుగుతుంది. నీళ్లు అప్పుడే కారవు. పలుకులు పోయిన చోట ఎండ పడి తారు పెళుసెక్కి, రెండు మూడేళ్లకు కారడం మొదలవుతుంది. అప్పటికి క్లెయిమ్ గడువు దాటిపోతుంది, టెక్సాస్ పాలసీల్లో సాధారణంగా అది ఏడాదే. అందుకే వాన వెలిసిన వారంలోనే ఎక్కడెక్కడి నంబర్ ప్లేట్లతోనో రూఫింగ్ వాళ్ల పికప్ ట్రక్కులు కాలనీల్లోకి దిగుతాయి. టెక్సాస్‌లో రూఫింగ్ పనికి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. క్లెయిమ్‌లో ఇంటి యజమాని తన జేబులోంచి పెట్టుకోవాల్సిన భాగాన్ని డిడక్టిబుల్ అంటారు. 'డిడక్టిబుల్ మేం చూసుకుంటాం' అని వాళ్లు చెప్పడం మాత్రం కొలరాడోలో 2012 నుంచి, టెక్సాస్‌లో 2019 నుంచి చట్టవిరుద్ధం.

ఈ డిడక్టిబుల్ దగ్గరే ఊళ్ల మధ్య అసలు తేడా ఇంటి ఖర్చులోకి దిగుతుంది. వడగళ్ల ప్రాంతాల్లో అది స్థిరమైన మొత్తం కాదు, ఇంటికి చేయించిన బీమా మొత్తంలో ఒకటి, రెండు శాతం. ఉదాహరణకు 5 లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే 10 వేల డాలర్లు. కప్పు మార్చడానికి 20 వేలవుతుందనుకుంటే సగం యజమానిదే. ఇప్పుడు పాలసీలో కప్పు పూర్తి ఖరీదుకు బదులు తరుగుదల పోగా మిగిలే విలువే ఇస్తామని రాసి ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల ఆయుష్షున్న కప్పుకు పదిహేనేళ్లు నిండితే లెక్కలో మిగిలింది 5 వేలు. డిడక్టిబుల్ 10 వేలు. చేతికొచ్చేది సున్నా. బీమా ఉంది, ప్రీమియం కడుతూనే ఉన్నారు, కప్పుకు మాత్రం బీమా లేనట్టే. ఏదో ఒక ఏడు రెన్యువల్ కాగితాల్లో ఈ ఒక్క మాట మారిపోతుంది, చదివేవాళ్లు తక్కువ.

దీనికి విరుగుడుగా అమ్మేదే 'నాలుగో తరగతి' షింగిల్. పరీక్షలో రెండంగుళాల ఉక్కు గుండును ఇరవై అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వేస్తారు, వెనక పగులు రాకపోతే పాసైనట్టు. బీమాలో రాయితీ కూడా ఇస్తారు. చిక్కేమిటంటే ఉక్కు మంచు కాదు, పరీక్షకు పెట్టేది కొత్త షింగిల్, పదేళ్లు డాలస్ ఎండలో మాడినది కాదు. సౌత్ కరోలినాలో బీమా పరిశ్రమ నడిపే పరిశోధనశాల అసలు వడగళ్లను పోలిన మంచు ఉండలు తయారుచేసి షింగిల్స్ మీదికి పేల్చి చూస్తుంది. ఆ పరీక్షల్లో, ఒకే తరగతి ముద్ర ఉన్న రకాల మధ్య కూడా చాలా తేడా ఉందని తేలింది.

ఇవన్నీ కలిపి చూస్తే వడగళ్ల వరకు డాలస్–ఫోర్ట్‌వర్త్, ఓక్లహోమా సిటీ ఒకే మెట్టు మీద పైన నిలుస్తాయి. డెన్వర్ వాటి కింద, మరీ దూరంగా కాదు. శాన్ ఆంటోనియోకు అరుదుగా వస్తుంది, వస్తే గట్టిగా వస్తుంది. మయామిలో పాత ఇల్లు, కొత్త ఇల్లు రెండు వేర్వేరు ఊళ్ల కింద లెక్క. హ్యూస్టన్‌లో గాలికి భయపడాలి. కానీ ఈ వరస కూడా నిలకడగా ఉండేది కాదు, కప్పుల వయసుతోపాటు కదులుతుంది. 2016లో వైలీలో వీధులకు వీధులు ఒకేసారి కొత్త కప్పులు వేయించుకున్నాయి. ఆ తర్వాత కొన్నేళ్లు ఆ ఊరు చుట్టుపక్కల వాటికంటే నిబ్బరంగానే ఉంది. 2031కి ఆ కప్పులన్నిటికీ ఒకేసారి పదిహేనేళ్లు నిండుతాయి.